యూరోపియన్ యూనియన్ పోటీ చట్టం: తరచుగా అడిగే ప్రశ్నలు

లా చదివే పిల్లలు, ఫార్మా ఎగుమతుల్లో పనిచేసే మిత్రులు, యూరప్‌లో మాస్టర్స్‌కి సిద్ధమవుతున్న వాళ్లు నన్ను అడిగే సందేహాలు ఏళ్లు గడిచినా పెద్దగా మారలేదు. ఒక్కొక్కరికీ విడిగా రాసే బదులు అన్నీ ఒకచోట పెడుతున్నాను. ఒక కేసు ఎలా మొదలై ఎలా ముగుస్తుందో ఆ వరుసలోనే ప్రశ్నలు పేర్చాను. అయినా ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. యూరోల మొత్తాలన్నీ మన కోట్ల లెక్కలో ఇచ్చాను.

## మొదట్లో వచ్చే సందేహాలు

ఈ చట్టం ఎవరిని కాపాడుతుంది? కొనేవాళ్లనా, చిన్న వ్యాపారులనా?

నేరుగా ఇద్దరినీ కాదు, పోటీని కాపాడుతుంది. పోటీ బతికుంటే కొనేవాళ్లకు ధర, నాణ్యత, ఎంపిక దక్కుతాయి. చిన్న వ్యాపారికి ఎదగడానికి దారి ఉంటుంది. మంచి సరుకు అమ్మే కంపెనీ ముందు నిలవలేక ఇంకో కంపెనీ మూతపడితే చట్టం పట్టించుకోదు. కానీ మార్కెట్‌ను శాసించే కంపెనీ తన పలుకుబడితో పక్కవాడికి సరుకు అందకుండా, కస్టమర్ దొరకకుండా చేస్తే అప్పుడు రంగంలోకి దిగుతుంది. ఈ తేడా బుర్రకెక్కితే మిగతా సబ్జెక్టు సగం వచ్చేసినట్టే.

ఏ చట్టం చదవాలి? ఒక్కో పుస్తకంలో ఒక్కో ఆర్టికల్ నంబరు ఎందుకు ఉంటుంది?

మూలం 1957లో రోమ్‌లో సంతకాలైన ఒప్పందం. అందులో పోటీ నియమాలకు 85, 86 నంబర్లు ఉండేవి. 1999లో అవి 81, 82 అయ్యాయి. 2009 డిసెంబర్ 1న లిస్బన్ ఒప్పందం అమల్లోకి వచ్చాక 101, 102 అయ్యాయి. విషయం మాత్రం దాదాపు అదే. పాత తీర్పులో 86 అని కనిపిస్తే దాన్ని 102గా చదువుకోండి. 101 కంపెనీల మధ్య కుమ్మక్కుల గురించి, 102 ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేయడం గురించి, 107 ప్రభుత్వాలు కంపెనీలకు ఇచ్చే సాయం గురించి చెబుతాయి. దర్యాప్తు పద్ధతి 2003 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్‌లో, విలీనాల నియమాలు 2004 నాటి 139వ రెగ్యులేషన్‌లో ఉన్నాయి.

యూరోపియన్ కమిషన్ అంటే కోర్టా, ప్రభుత్వమా?

కోర్టు కాదు. యూనియన్‌కు పాలనా యంత్రాంగం లాంటిది, బ్రస్సెల్స్‌లో ఉంటుంది. పోటీ వ్యవహారాలు చూసే విభాగాన్ని అక్కడ అందరూ డీజీ కాంప్ అంటారు. దానిపైన ఒక కమిషనర్ ఉంటారు. 2014 నుంచి 2024 దాకా డెన్మార్క్‌కు చెందిన మార్గరెటె వెస్టేయర్, ఆ తర్వాత స్పెయిన్‌కు చెందిన తెరెసా రిబెరా ఆ బాధ్యత చేపట్టారు. దర్యాప్తు చేసేదీ, తప్పు తేల్చేదీ, జరిమానా వేసేదీ కమిషనే. ఇది అన్యాయమని కంపెనీలు ఎప్పటి నుంచో అంటున్నాయి. ఆ మాటలో కొంత బలం ఉందనే నా అభిప్రాయం. అయితే ప్రతి నిర్ణయాన్నీ లక్సెంబర్గ్‌లోని యూనియన్ కోర్టుల్లో (ముందు జనరల్ కోర్టు, దాని పై కోర్టు కోర్ట్ ఆఫ్ జస్టిస్) సవాలు చేయవచ్చు, కమిషన్ అక్కడ చాలాసార్లు ఓడిపోయింది కూడా. సభ్య దేశాల్లోని పోటీ సంస్థలు కూడా 101, 102లను అమలు చేస్తాయి.

అమెరికాలోనూ ఇలాంటి చట్టం ఉందిగా, యూరప్‌ది ప్రత్యేకం ఏముంది?

అమెరికాలో మార్కెట్ మొదటి నుంచీ ఒకటే. యూరప్‌లో విడివిడి దేశాలను ఒక మార్కెట్‌గా అతికించాలి. అందుకే ఒక దేశంలో చవకగా దొరికే సరుకును ఇంకో దేశానికి తీసుకెళ్లి అమ్మకుండా అడ్డుకోవడాన్ని ఇక్కడ చాలా పెద్ద తప్పుగా చూస్తారు. జర్మనీ కంపెనీ గ్రుండిగ్, ఫ్రాన్స్‌లోని తన డీలర్ కాన్‌స్టెన్‌కు అక్కడి మార్కెట్ మొత్తం కట్టబెట్టి మిగతావాళ్లను రానివ్వకుండా ఒప్పందం చేసుకుంటే, 1966లో కోర్టు ఆ అడ్డుగోడను ఒప్పుకోలేదు. ఇది పాత ముచ్చట అనుకోకండి. 2024 మేలో చాక్లెట్లు, బిస్కెట్లు, కాఫీ అమ్మే మాండలీజ్‌కు ఇలాంటి కారణంతోనే 33.75 కోట్ల యూరోల జరిమానా పడింది. దేశాల సరిహద్దులు చెరిపేశాక కంపెనీలు మళ్లీ గీతలు గీస్తే ఊరుకోకూడదన్నది ఇందులోని పట్టుదల.

## ఏది తప్పు, ఏది కాదు

మార్కెట్‌లో నంబర్ వన్ కావడమే నేరమా?

కాదు. నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే, ఎక్కువమంది తప్పుగా అర్థం చేసుకున్నదీ ఇదే. ఆధిపత్యం తప్పు కాదు, దాన్ని వాడే తీరు తప్పు కావచ్చు. మార్కెట్‌లో 50 శాతం వాటా చాలాకాలం నిలబడితే ఆధిపత్యం ఉన్నట్టు కోర్టులు మామూలుగా భావిస్తాయి. అక్కడి నుంచి ఆ కంపెనీ మీద ప్రత్యేక బాధ్యత పడుతుంది. చిన్న కంపెనీ చేస్తే మామూలు వ్యాపారం అనిపించే పనే, పెద్ద కంపెనీ చేస్తే దుర్వినియోగం కావచ్చు. గూగుల్ షాపింగ్ కేసులో సెర్చ్ బాగా నడపడం తప్పని ఎవరూ అనలేదు. తన ధరల పోలిక సర్వీసును పైన పెట్టి, పోటీ సర్వీసులను ఫలితాల్లో కిందికి నెట్టినందుకు 2017 జూన్‌లో 242 కోట్ల యూరోల జరిమానా వేశారు.

ఇద్దరు పోటీదారులు ఒకసారి కలిసి మాట్లాడుకున్నా కేసు పెడతారా?

ఏం మాట్లాడుకున్నారన్నదే ముఖ్యం. వాతావరణం, కొత్త పన్నులు, పిల్లల చదువుల గురించి మాట్లాడుకుంటే ఇబ్బంది లేదు. రేపు పెట్టబోయే ధర, ఇవ్వబోయే డిస్కౌంట్ చెప్పుకుంటే ఒక్క సమావేశమే చాలు. నెదర్లాండ్స్‌లో 5 మొబైల్ కంపెనీల ప్రతినిధులు 2001 జూన్‌లో ఒకసారి కలిసి, డీలర్లకు ఇచ్చే కమీషన్ తగ్గించడం గురించి మాట్లాడుకున్నారు. ఒక్కసారి కలిసినా సరే, తప్పుకు అది సరిపోవచ్చని 2009లో లక్సెంబర్గ్ కోర్టు చెప్పింది. రాతపూర్వక ఒప్పందం ఉండక్కర్లేదు. మన దగ్గర కాంట్రాక్టర్లు సిండికేట్ అయ్యారంటాం చూడండి, దానికి కూడా ఎవరూ స్టాంపు పేపరు రాసుకోరు.

చిన్న కంపెనీలకూ ఇవే రూల్సా?

రూల్స్ అవే, కానీ చిన్న వాటాలను కమిషన్ సాధారణంగా పట్టించుకోదు. ఒప్పందం చేసుకున్న పోటీదారుల మొత్తం వాటా 10 శాతం దాటకపోతే, తయారీదారు, డీలర్ లాంటి వాళ్లయితే ఒక్కొక్కరి వాటా 15 శాతం దాటకపోతే మినహాయింపు ఉంటుంది. అయితే ధరలు కలిసి నిర్ణయించడం, మార్కెట్లు పంచుకోవడం లాంటి పచ్చి కుమ్మక్కుకు ఈ మినహాయింపు వర్తించదు.

మంచి పని కోసం కలిసినా తప్పేనా?

అవసరం లేదు. ఆర్టికల్ 101లోని మూడో భాగం ఇందుకే ఉంది. ఉత్పత్తి గానీ సాంకేతికత గానీ మెరుగుపడాలి, ఆ లాభంలో న్యాయమైన వాటా వినియోగదారుకు అందాలి, అవసరానికి మించిన ఆంక్షలు ఉండకూడదు, పోటీ పూర్తిగా చచ్చిపోకూడదు. నాలుగూ ఉండాలి, మూడు ఉంటే చాలదు. రుజువు చేసుకోవాల్సిన బాధ్యత కంపెనీదే. 2004 మే దాకా ముందుగా కమిషన్ అనుమతి అడిగే పద్ధతి ఉండేది. ఇప్పుడు కంపెనీలే తమను తాము బేరీజు వేసుకోవాలి.

## ఫిర్యాదు, తనిఖీ, దర్యాప్తు

కేసు ఎలా మొదలవుతుంది?

పోటీ కంపెనీ గానీ కస్టమర్ గానీ ఫిర్యాదు చేయవచ్చు, కమిషనే సొంతంగా ఒక రంగాన్ని పరిశీలించవచ్చు, లేదా తప్పు చేసినవాళ్లలో ఒకరు వచ్చి ఒప్పుకోవచ్చు. కంపెనీ ఉద్యోగి పేరు చెప్పకుండా సమాచారం ఇచ్చే ఆన్‌లైన్ ఏర్పాటు 2017 నుంచి ఉంది. ఫిర్యాదు చేసిన ప్రతిసారీ దర్యాప్తు జరగాలని లేదు. ఏ కేసుకు ప్రాధాన్యం ఇవ్వాలో కమిషన్ ఎంచుకుంటుంది. కాకపోతే ఎందుకు తోసిపుచ్చుతోందో కారణాలు రాయాలి.

ముందుగా వెళ్లి ఒప్పుకుంటే నిజంగానే జరిమానా ఉండదా?

రహస్య కార్టెల్ (పోటీదారులు ధరలు, మార్కెట్ల మీద కుమ్మక్కవడం) విషయంలో మొదట వెళ్లి సరిపడా ఆధారాలు ఇచ్చిన కంపెనీకి పూర్తి మినహాయింపు దక్కుతుంది. రెండో కంపెనీకి 30 నుంచి 50 శాతం తగ్గింపు, ఆ తర్వాతివాళ్లకు ఇంకా తక్కువ. లారీల కేసు దీనికి మంచి ఉదాహరణ. యూరప్‌లోని పెద్ద లారీ తయారీదారులు 1997 నుంచి 2011 దాకా 14 ఏళ్లు ధరల మీద, కాలుష్యం తగ్గించే టెక్నాలజీ ఎప్పుడు తేవాలన్న దాని మీద ఒక్క మాట మీద నడిచారు. మ్యాన్ కంపెనీ ముందుగా బయటపెట్టి దాదాపు 120 కోట్ల యూరోల భారం తప్పించుకుంది. మిగతావాళ్లకు 2016లో 293 కోట్లు, విడిగా పోరాడిన స్కానియాకు మరుసటి ఏడాది 88 కోట్లు పడ్డాయి.

తప్పు చేసినవాడిని వదిలేయడమేంటని కోపం రావడం సహజం, నాకూ మొదట్లో వచ్చింది. కానీ గదిలో నలుగురే ఉన్నప్పుడు, ఆ నలుగురిలో ఒకరు చెప్పకపోతే బయటివాళ్లకు తెలిసే దారి చాలా తక్కువ. పైగా ఒకరినొకరు నమ్మలేని టెన్షన్ ఈ పథకం వల్లే పుడుతుంది.

తనిఖీకి వస్తే ఫోన్ ఇవ్వాలా? ఏదైనా డిలీట్ చేస్తే ఏమవుతుంది?

అధికారులు ఆఫీసులోకి రావచ్చు, రికార్డులు, కంప్యూటర్లు, పని కోసం వాడే ఫోన్లు చూడవచ్చు, కాపీలు తీసుకోవచ్చు, గదులకు సీలు వేయవచ్చు. ఆటంకపరిస్తే అసలు కేసుతో సంబంధం లేకుండా విడిగా జరిమానా ఉంటుంది. 2006లో మ్యూనిక్‌లోని ఇంధన కంపెనీ ఇ.ఆన్ ఆఫీసులో రాత్రి వేసిన సీలు తెల్లారేసరికి చెదిరి కనిపించింది. శుభ్రం చేసే ద్రవం వల్ల అలా అయి ఉండొచ్చని కంపెనీ వాదించింది, కోర్టులు వినలేదు. ఆ ఒక్క సీలు ఖరీదు 3.8 కోట్ల యూరోలు. 2023 మార్చిలో పరిమళ ద్రవ్యాల కంపెనీ ఐఎఫ్ఎఫ్‌లో తనిఖీ జరిగినప్పుడు ఒక సీనియర్ ఉద్యోగి వాట్సాప్ మెసేజ్‌లు తుడిచేశారు. మరుసటి ఏడాది కంపెనీకి 1.59 కోట్ల జరిమానా పడింది. అలాంటి కంపెనీల్లో చేరేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: తనిఖీ రోజు ఫోన్ మీద వేలు పెట్టకండి.

మా కంపెనీ లాయర్‌తో నడిపిన ఈమెయిళ్లు రహస్యమేనా?

లాయర్ బయటివారై, యూరోపియన్ ఆర్థిక ప్రాంతంలో అర్హత పొందినవారై, మెయిల్ మీ రక్షణ హక్కుకు సంబంధించినదైతే రహస్యమే. కంపెనీ జీతం తీసుకునే లాయర్‌కు ఈ రక్షణ లేదని 2010లో అక్జో కేసులో కోర్టు తేల్చింది. భారత్ నుంచి ఇచ్చే సలహాలకూ ఈ రక్షణ ఉంటుందని అనుకోకండి.

## జరిమానా, కోర్టు, పరిహారం

టర్నోవర్‌లో 10 శాతం అంటారు, అంత నిజంగా వేస్తారా?

10 శాతం గరిష్ఠ పరిమితి, మామూలు రేటు కాదు. లెక్క వేరే చోట మొదలవుతుంది. తప్పు జరిగిన సరుకు ఏడాది అమ్మకాల్లో 30 శాతం దాకా తీసుకుని, ఎన్నేళ్లు సాగిందో అన్నిసార్లు గుణిస్తారు. కార్టెల్ అయితే అదనంగా 15 నుంచి 25 శాతం కలుపుతారు. మళ్లీ మళ్లీ చేస్తే పెంచుతారు, సహకరిస్తే తగ్గిస్తారు. చివరికి వచ్చిన మొత్తం గ్రూపు ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 10 శాతం దాటకూడదు. పిల్ల కంపెనీ తప్పుకు తల్లి కంపెనీ కూడా బాధ్యురాలవుతుంది కాబట్టి, ఈ లెక్కలో తల్లి టర్నోవరూ వస్తుంది.

ఆ డబ్బు ఎవరికి పోతుంది?

యూనియన్ బడ్జెట్‌కి. ఆ మేరకు సభ్య దేశాలు కట్టాల్సింది తగ్గుతుంది. నష్టపోయిన కస్టమర్‌కు అందులోంచి పైసా రాదు.

డైరెక్టర్లకు జైలు ఉంటుందా?

యూనియన్ స్థాయిలో లేదు, జరిమానా కంపెనీకే. కొన్ని దేశాల సొంత చట్టాల్లో ఉంది. జర్మనీలో టెండర్లలో కుమ్మక్కు నేరమే, ఐర్లాండ్‌లో కార్టెల్ నడపడం నేరమే.

కమిషన్ కోర్టులో ఓడిపోవడం జరుగుతుందా?

బాగానే జరుగుతుంది. కంప్యూటర్ తయారీదారులకు ఇచ్చిన రాయితీల విషయంలో చిప్‌ల కంపెనీ ఇంటెల్‌కు 2009లో 106 కోట్ల యూరోల జరిమానా వేశారు. 2014లో జనరల్ కోర్టు సమర్థించింది, 2017లో పై కోర్టు వెనక్కి పంపింది, 2022లో జనరల్ కోర్టు రద్దు చేసింది, 2024 అక్టోబర్‌లో పై కోర్టు ఆ రద్దునే ఖాయం చేసింది. రాయితీలు పోటీదారులను నిజంగా బయటికి నెట్టగలవా అన్న ఆర్థిక విశ్లేషణ సరిగా లేదన్నది కారణం. గూగుల్ ప్రకటనల సర్వీసు యాడ్‌సెన్స్ మీద వేసిన 149 కోట్లు కూడా 2024 సెప్టెంబర్‌లో జనరల్ కోర్టులో నిలవలేదు. ఇంటెల్ తీర్పులు తప్పక చదవమంటాను. ఆధిపత్యం అన్న మాట ఒక్కటే చాలదు, ప్రభావాన్ని చూపించాలి అన్న మలుపు అక్కడే వచ్చింది.

ఒక్కో కేసు ఇన్నేళ్లు ఎందుకు పడుతుంది?

లక్షల పత్రాలు, అన్ని భాషలు, ఆర్థికవేత్తల నివేదికలు, కంపెనీ వాదన వినే హక్కు, రెండు స్థాయిల కోర్టులు. ఒక్కోదానికీ కారణం ఉంది. కానీ మొత్తంగా చూస్తే ఈ చట్టానికి పట్టిన జబ్బు ఇదే. బ్రిటన్‌లో భార్యాభర్తలు నడిపిన ఫౌండెమ్ అనే చిన్న ధరల పోలిక వెబ్‌సైట్ 2009లో గూగుల్ మీద కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. దర్యాప్తు 2010 నవంబర్‌లో మొదలైంది. జరిమానా 2017లో, జనరల్ కోర్టు తీర్పు 2021లో, ఆఖరి తీర్పు 2024 సెప్టెంబర్ 10న వచ్చాయి. గెలిచారు. ఆ వెబ్‌సైట్ మాత్రం 2016లోనే మూతపడింది. ఆలస్యం అమృతం విషం అని మనవాళ్లు ఊరికే అనలేదు. 15 ఏళ్ల తర్వాత వచ్చే న్యాయం సూత్రాన్ని నిలబెడుతుంది, ఆ చిన్న వ్యాపారాన్ని నిలబెట్టలేదు.

కార్టెల్ వల్ల ఎక్కువ ధర కట్టాను, నా డబ్బు ఎలా వస్తుంది?

సంబంధిత సభ్య దేశంలోని కోర్టులో దావా వేయాలి. ఎవరైనా పరిహారం అడగవచ్చని 2001లో కరేజ్ కేసులో లక్సెంబర్గ్ కోర్టు చెప్పింది. ఒక పబ్ నడిపే వ్యక్తికీ బీరు కంపెనీకీ మధ్య వచ్చిన తగాదా అది. 2014 నాటి డైరెక్టివ్ (సభ్య దేశాలు తమ చట్టాల్లోకి తెచ్చుకోవాల్సిన యూనియన్ ఆదేశం) దారిని సులువు చేసింది. కార్టెల్ వల్ల నష్టం జరిగిందనే ముందుగా భావిస్తారు, దావాకు కనీసం 5 ఏళ్ల గడువు ఉండాలి. లారీల కేసు తర్వాత ఇలాంటి దావాలు చాలా దేశాల్లో వెల్లువెత్తాయి. ఎంత ఎక్కువ కట్టారో లెక్క తేల్చడం మాత్రం ఇప్పటికీ కష్టమే, రసీదులు దాచుకున్నవాళ్లదే పైచేయి.

## విలీనాలు, ప్రభుత్వ సాయం

రెండు కంపెనీలు కలవాలంటే ఎప్పుడు బ్రస్సెల్స్ అనుమతి కావాలి?

ప్రధాన కొలమానం ఇది: రెండింటి ప్రపంచ టర్నోవర్ కలిపి 500 కోట్ల యూరోలు దాటాలి, కనీసం రెండు కంపెనీలకు ఒక్కోదానికి యూనియన్‌లో 25 కోట్లు దాటాలి. అవన్నీ తమ యూనియన్ వ్యాపారంలో మూడింట రెండొంతులకు పైగా ఒకే దేశంలో చేస్తుంటే ఆ దేశమే చూసుకుంటుంది. మొదటి దశకు 25 పని దినాలు, లోతుగా చూడాలంటే మరో 90, పొడిగింపులూ ఉంటాయి. ఎక్కువ భాగం మొదటి దశలోనే తేలిపోతాయి. నిషేధం అరుదు. 2019 ఫిబ్రవరిలో సీమెన్స్, ఆల్‌స్టోమ్ రైలు వ్యాపారాల కలయికను ఆపారు. చైనాతో పోటీకి యూరప్ దిగ్గజం కావాలని ఫ్రాన్స్, జర్మనీ ప్రభుత్వాలు కోరినా సిగ్నలింగ్, హైస్పీడ్ రైళ్లలో పోటీ పోతుందని కమిషన్ ఒప్పుకోలేదు. అది ధైర్యమైన, సరైన నిర్ణయమని నేను నమ్ముతాను.

ఆపిల్ 1,300 కోట్ల యూరోలు ఐర్లాండ్‌కు కట్టింది జరిమానానా?

కాదు, అది వెనక్కి రాబట్టిన సాయం. ఏ ప్రభుత్వమైనా ఎంపిక చేసిన కంపెనీకి పన్ను తగ్గించినా, డబ్బిచ్చినా ఆర్టికల్ 107 కింద ప్రశ్నించవచ్చు. ఐర్లాండ్ ఇచ్చిన పన్ను రూలింగులు (పన్ను ఎలా లెక్కిస్తామో ముందుగా చెప్పే నిర్ణయాలు) ఆపిల్‌కు అక్రమ లబ్ధి అని 2016లో కమిషన్ అంది. జనరల్ కోర్టు 2020లో కొట్టేసింది. 2024 సెప్టెంబర్‌లో పై కోర్టు కమిషన్ వైపే తేల్చింది. మాకు ఆ డబ్బు అక్కర్లేదని ప్రభుత్వమే కోర్టుకెక్కిన కేసు ఇది. చిన్న సాయాలకు మినహాయింపు ఉంది. 2024 నుంచి ఒక కంపెనీకి 3 ఏళ్లలో 3 లక్షల యూరోల దాకా ఇస్తే ముందుగా కమిషన్‌కు చెప్పక్కర్లేదు.

## డిజిటల్ మార్కెట్లు

ఆర్టికల్ 102 ఉండగా డిజిటల్ మార్కెట్స్ యాక్ట్ (డీఎంఏ) ఎందుకు?

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఆపడానికి. 102 కింద తప్పు జరిగాక, మార్కెట్ నిర్వచించి, ఆధిపత్యం నిరూపించి, ప్రభావం చూపించాలి. అంతసేపటికి మార్కెట్ ఒకవైపుకు వాలిపోతుంది. డీఎంఏ ముందే చేయాల్సినవీ చేయకూడనివీ రాసిపెట్టింది. టర్నోవర్ 750 కోట్ల యూరోలు లేదా మార్కెట్ విలువ 7,500 కోట్లు, యూనియన్‌లో నెలకు 4.5 కోట్ల మంది వాడకందారులు, ఏడాదికి 10,000 మంది వ్యాపార వాడకందారులు ఉన్న సంస్థ గేట్‌కీపర్, అంటే ఈ నియమాలు వర్తించే పెద్ద సంస్థ అవుతుంది. 2023 సెప్టెంబర్‌లో ఆల్ఫాబెట్, అమెజాన్, ఆపిల్, బైట్‌డాన్స్, మెటా, మైక్రోసాఫ్ట్‌లను, 2024 మేలో బుకింగ్‌ను ప్రకటించారు. 2025 ఏప్రిల్‌లో తొలి జరిమానాలు వచ్చాయి: ఆపిల్‌కు 50 కోట్లు, మెటాకు 20 కోట్లు.

నేను జర్మనీలో ఉంటే నా ఫోన్‌లో ఏమైనా మారుతుందా?

మారుతుంది. ఐఫోన్‌లో ఆపిల్ కాని యాప్ స్టోర్లు పెట్టుకోవచ్చు, బ్రౌజర్ ఎంచుకునే స్క్రీన్ వస్తుంది, ముందే వేసి ఇచ్చిన యాప్‌లు చాలావరకు తీసేయవచ్చు. ఈ హక్కులు యూనియన్ దేశాలకే.

## మన వైపు నుంచి

హైదరాబాద్ కంపెనీకి యూరప్ చట్టం ఎలా వర్తిస్తుంది?

ఆఫీసు ఎక్కడుందన్నది కాదు, ఆ పని యూరప్ మార్కెట్‌లో అమలైందా, అక్కడ ప్రభావం చూపిందా అన్నదే లెక్క. ఇది ఊహ కాదు. ఫ్రాన్స్ కంపెనీ సెర్వియే తయారుచేసిన పెరిండోప్రిల్ అనే రక్తపోటు మందు పేటెంట్ల గొడవలో జనరిక్ కంపెనీలు మార్కెట్‌లోకి రాకుండా ఒప్పందాలు జరిగాయి. 2005లో బ్రిటన్ జనరిక్ కంపెనీ నిష్‌కూ, హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన మ్యాట్రిక్స్ ల్యాబొరేటరీస్‌కూ ఒక్కొక్కరికి 1.18 కోట్ల బ్రిటిష్ పౌండ్లు ముట్టాయి. 2014 జూలైలో కమిషన్ మొత్తం 42.77 కోట్ల యూరోల జరిమానా వేసింది. అందులో మ్యాట్రిక్స్ భాగం దాదాపు 1.7 కోట్లు, అప్పటికి అది మైలాన్ చేతిలో ఉంది. ముంబైకి చెందిన లుపిన్‌కు 4 కోట్లు. 2024 జూన్‌లో పై కోర్టులో ఈ రెండింటి అప్పీళ్లూ నిలబడలేదు. చవక మందు తయారుచేయగల చేతులకు, తయారుచేయకుండా ఉండటానికి డబ్బిచ్చారు. ఆ భారం మోసింది రోజూ బీపీ మాత్ర మింగే ముసలివాళ్లు. పేటెంట్ సెటిల్‌మెంట్ మీద సంతకం పెట్టే ప్రతి ఫార్మా ఉద్యోగికీ ఈ కేసు తెలియాలి.

భారత్‌లోనూ ఇదే చట్టమా?

పోలిక చాలా ఉంది. 2002 కాంపిటీషన్ యాక్ట్‌లో సెక్షన్ 3 యూరప్ 101ని, సెక్షన్ 4 దాని 102ని గుర్తుచేస్తాయి. ఆండ్రాయిడ్ విషయంలో యూరప్ 2018లో చర్య తీసుకుంటే, మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబర్‌లో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. డీఎంఏ తరహా ముసాయిదా బిల్లు 2024లో చర్చకు వచ్చింది. ప్రభుత్వ సాయం మీద 107 లాంటి నియమం మాత్రం మనకు లేదు. కంపెనీలను రప్పించడానికి రాష్ట్రాలు పోటీ పడి రాయితీలు ఇవ్వడాన్ని ఆపే చట్టమేదీ ఇక్కడ లేదు.

లా విద్యార్థిని, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

101, 102 ముందు చదవండి, రెండూ కలిపి రెండు పేజీలు రావు. తర్వాత లారీల కేసు మీద కమిషన్ ఇచ్చిన పత్రికా ప్రకటన, ఆ తర్వాత గూగుల్ షాపింగ్ మీద 2021 జనరల్ కోర్టు తీర్పు. తీర్పులన్నీ కోర్టు వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మొదటిసారి పేరా నంబర్లు చూసి భయం వేస్తుంది. వాస్తవాల భాగం కథలా చదివి, కోర్టు ఏం తేల్చిందో చివర్లో చూసి, అప్పుడు మధ్యలోని వాదనలకు రండి. ఇంటర్న్‌షిప్ కావాలంటే కమిషన్‌లో 5 నెలల ట్రైనీ అవకాశం ఏడాదికి రెండుసార్లు ఉంటుంది. యూనియన్ పౌరులు కానివాళ్లకు సీట్లు తక్కువే అయినా ఉన్నాయి, దరఖాస్తు పెట్టడం మానకండి.